డీప్ లెర్నింగూ, అట్లతద్ది గోరింటాకూ

బీటెక్ మూడో ఏడాదిలో డీప్ లెర్నింగ్, అంటే ఉదాహరణలు చూపించి కంప్యూటరుకి నేర్పే విద్య, ఎలక్టివ్‌గా తీసుకున్నవాళ్ళు మొదటి క్లాసులో రోబో కోసం ఎదురుచూస్తారు. వచ్చేది మాత్రిక. రెండో క్లాసుకి ఇంకో మాత్రిక వచ్చి దాన్ని గుణించి వెళ్తుంది. ఎంసెట్ అయిన మర్నాడే పుష్కరాల రేవులో వదిలేశామనుకున్న చైన్ రూలు, మూడో వారానికల్లా బ్యాక్‌ప్రాపగేషన్ (తప్పుని చివర్నుంచి వెనక్కి పంచే లెక్క) అని పేరు మార్చుకుని తడి బట్టలతో క్లాసులోకి వచ్చేస్తుంది.

అందుకని చేరేముందు సరిచూసుకోవాల్సినవి మూడు: మాత్రికల గుణకారం, కాస్త సంభావ్యత, తడుముకోకుండా రాయగలిగేంత పైథాన్. మూడోది రాకపోయినా పక్కవాడి కోడ్ ఉందిగా అనుకునేవాళ్ళుంటారు. పక్కవాడూ అదే అనుకుంటూ ఉంటాడు.

మొదటి మిడ్ పరీక్షలో కంప్యూటర్ ఉండదు, కాగితమే. రెండు ఇన్‌పుట్లు, రెండు హిడెన్ న్యూరాన్లు (మధ్య లేయరులోని లెక్క గళ్ళు), ఒక అవుట్‌పుట్ ఉన్న చిన్న నెట్‌వర్కు ఇచ్చి వెయిట్లన్నీ (గళ్ళ మధ్య గుణించే అంకెలు) ఒకసారి చేత్తో సవరించి చూపించమంటారు. న్యూరాన్ విలువని 0కీ 1కీ మధ్య కుదించే సిగ్మాయిడ్ వాలు ఎంత ఎక్కువన్నా 0.25 దాటదు. వెయిట్ల మాట పక్కనపెట్టి పది లేయర్లు వెనక్కి గుణించుకుంటూ పోతే మిగిలేది 10,48,576లో ఒక వంతు. దాంతో మొదటి లేయరు ఏం నేర్చుకుంటుంది పాపం! మధ్య లేయర్లలో సిగ్మాయిడ్ తీసేసి రెలూ (రుణ సంఖ్యల్ని సున్నా చేసి మిగతావాటిని అలాగే వదిలేసేది) పెట్టింది అందుకే. ఇంకో ఖాయమైన ప్రశ్న: 784 ఇన్‌పుట్లు, 128 హిడెన్, 10 అవుట్‌పుట్లు, నేర్చుకోవాల్సిన అంకెలు, అంటే పారామీటర్లెన్ని? 1,01,770. తొందర మనుషులు 1,01,632 అని రాసి వస్తారు. ఒక్కో న్యూరానుకీ అదనంగా కలిపే బయాస్‌లు 138 హాల్లోనే ఉండిపోతాయి, వాటితోపాటు మార్కులూ.

ల్యాబ్‌లో తొలి మెట్టు ఎమ్‌నిస్ట్: చేత్తో రాసిన అంకెలు, 28 బై 28 బొమ్మలు, నేర్పడానికి 60,000, పరీక్షకి 10,000. ట్రైనింగ్ మొదలవగానే లాస్ (తప్పు ఎంతో చెప్పే అంకె) 2.30 దగ్గర కనపడాలి. ఏ అంకో తెలియక పదింటికీ సమానంగా పంచిపెట్టే నెట్‌వర్కుకి వచ్చే లెక్క అది, 10కి సహజ లాగరిథమ్. నలభై, యాభై అని మొదలైతే పిక్సెళ్ళని 255తో భాగించడం మరిచారేమో చూసుకోవాలి. చక్కగా దిగుతూ వచ్చి 1.46 దగ్గర బైఠాయించి ఇంక కదలనంటే, నెట్‌వర్కు చివర మీరొక సాఫ్ట్‌మ్యాక్స్ (విలువల్ని సంభావ్యతలుగా మార్చేది) పెట్టారు, పైటార్చ్ లైబ్రరీలోని క్రాస్ ఎంట్రపీ లాస్ లోపల ఇంకోటి ఉంది. మీది తీసేయాలి. మూడు రాత్రులు లెర్నింగ్ రేటు (ఒక్కసారికి వెయిట్లని ఎంత కదపాలో) మార్చుకుంటూ కూర్చున్నా ఆ 1.46 కిందకి దిగదు.

టెస్టులో 98 శాతం సరిగ్గా వచ్చాక ఉబలాటం ఆగదు. రికార్డు పుస్తకంలో నీలం పెన్నుతో 7 రాసి, ఫోటో తీసి ఇస్తారు. నెట్‌వర్కు 3 అనో 8 అనో అంటుంది. అది చూసిన అంకెలన్నీ నల్లటి నేల మీద తెల్ల గీతలు, బొమ్మకి సరిగ్గా నడుమ. మీరిచ్చింది తెల్లకాగితం, పక్కన మార్జిను గీత, మూలన టీ మరక. రంగులు తిరగేసి, అంకె మేరకే కత్తిరించి, నడుమకి జరిపి ఇస్తే అదే నెట్‌వర్కు బుద్ధిగా 7 అంటుంది.

2012లో బొమ్మలు గుర్తుపట్టే అలెక్స్‌నెట్ నెట్‌వర్కుని రెండు గేమింగ్ కార్డుల మీద నేర్పారు, కార్డుకి 3 జీబీ మెమరీ. ఆ ముక్క వినగానే మన ల్యాబ్‌లో ఏ కార్డుందని వెతుకుతారు. సీపీయూ మూత తీస్తే ఫ్యానూ, దుమ్మూ ఉంటాయి. అంచేత అందరూ గూగుల్ కంప్యూటర్లని బ్రౌజరులోంచి వాడుకునే కోలాబ్‌కే వెళ్తారు. ఉచిత సెషన్ మహా అయితే 12 గంటలు, బ్రౌజరు కదపకపోతే అంతకు ముందే పోతుంది, పోతూ పోతూ అందులో దాచినవన్నీ పట్టుకుపోతుంది. ప్రతి ఎపాక్ (ట్రైనింగ్ బొమ్మలన్నిటినీ ఒక చుట్టు చూడడం) తర్వాతా చెక్‌పాయింట్ (అప్పటిదాకా నేర్చిన వెయిట్లు) డ్రైవ్‌లో వేసుకోవాలని మొదటి వారమే చెప్తారు. వినేది మాత్రం పదిహేడో ఎపాక్‌లో హాస్టల్‌కి కరెంటు పోయాక.

ఇక ప్రాజెక్టు. గోదావరి డెల్టాలో ప్రాజెక్టంటే భీమవరం వైపు రొయ్యలు, మిగతా చోట్ల వరి తెగుళ్ళు. ఒక టీం అనుకోండి: నరసాపురం కుర్రాడు, తణుకు అమ్మాయి, వాట్సాప్ గ్రూపులో తప్ప కనపడని మరో ఇద్దరు. తరగతులు నాలుగు: అగ్గి తెగులు, పొడ తెగులు, ఎండాకు తెగులు, ఆరోగ్యం. కుర్రాడు తాతగారి సార్వా (వానాకాలం పంట) చేలో దిగి, తెగులు ఆకుల్ని ఒక్కొక్కటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఫోటోలు తీశాడు. ఆరోగ్యంగా ఉన్న ఆకులు అమ్మాయి వాటా. ఆవిడ తీసింది సరిగ్గా అట్లతద్ది మర్నాడు.

ఆకులు 40, ఆకుకి 30 ఫోటోలు, వెరసి 1,200. అన్నీ ఒక కుప్ప పోసి, కలిపి, 960 ట్రైనింగుకి, 240 టెస్టుకి తీశారు. నెట్‌వర్కు రెస్‌నెట్-18, ముందే ఇమేజ్‌నెట్ అనే పెద్ద ఫోటోల కుప్ప మీద నేర్చుకున్నది. చివరి లేయరు ఒక్కటి ఊడదీసి నాలుగు అవుట్‌పుట్లది బిగించారు, 2,052 పారామీటర్లు. కోడ్ పట్టుమని ఇరవై లైన్లు లేదు. టెస్టులో 99.2 శాతం! ఆ రాత్రికి నాలుగు ఫోన్లలోనూ స్టేటస్ అదే.

99 కనపడగానే దండ వేయకూడదు, అనుమానించాలి. ఒకే ఆకుకి తీసిన 30 ఫోటోల్లో ఇరవైనాలుగు ట్రైనింగులోకీ, ఆరు టెస్టులోకీ పోయాక నెట్‌వర్కు తెగులు నేర్చుకోవాల్సిన పనేముంది, ఆ ఆకుని గుర్తుపడితే చాలు. వాళ్ళకి ఆ అనుమానం రాలేదు. రివ్యూకి తాతగార్ని కూడా తీసుకొచ్చారు, చేతిలో ఒక చిన్న వరి కట్టతో.

గైడ్ మేడంగారు కట్టలోంచి ఒక ఆకు లాగారు. కొస నుంచి అంచు వెంబడే కిందకి పసుపు తిరిగి, అలలు అలలుగా ఎండిపోయిన ఆకు. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని కెమెరా ముందు పెట్టారు. తెర మీద పడింది: ఆరోగ్యం, 99.6.

తాతగారు కళ్ళజోడు సవరించుకుని తెర చూశారు, ఆకు చూశారు. "ఎవరి ఆరోగ్యమండి?" అన్నారు.

"ఆకుదే తాతా" అన్నాడు మనవడు.

"ఇది ఎండాకు తెగులురా బాబూ. మొన్ననేగా మందు కొట్టించాం. ఆయ్, మేడంగారి ఆరోగ్యం చెప్తుందేమో చూడు."

కంగారులో కుర్రాడు కెమెరాని గోడ గడియారం వైపు తిప్పాడు. పొడ తెగులు, 91. ఫ్యాన్ వైపు తిప్పాడు. అగ్గి తెగులు, 88. ఇందులో నెట్‌వర్కు తప్పేం లేదు. సాఫ్ట్‌మ్యాక్స్‌లో నాలుగు తరగతుల విలువలూ కలిపి 1 అవ్వాల్సిందే, 'తెలియదు' అన్న గడి లేదు. అమలాపురంలో అడ్రసు అడిగితే తెలియదనడం మర్యాద కాదని, బండి దిగి మరీ ఏదో ఒక సందు చూపించి పంపే పెద్దమనిషి మాదిరి అది.

మేడంగారు తెలివైనవారు. గ్రాడ్‌క్యామ్ వేయమన్నారు. నెట్‌వర్కు బొమ్మలో ఎక్కడ చూసి ఆ మాట అన్నదో రంగులు పూసి చూపించే పద్ధతి అది. రెస్‌నెట్ చివరికొచ్చేసరికి 224 బై 224 బొమ్మ 7 బై 7 గళ్ళకి కుదించుకుపోతుంది కాబట్టి పూత ముతకగానే ఉంటుంది. అయినా తెలిసిపోయింది. ఆకంతా నీలం. ఎర్రగా మండుతున్న గడి ఒక్కటే, మేడంగారి బొటనవేలి గోరు. ఆవిడా అట్లతద్దికి గోరింటాకు పెట్టుకున్నారు, అదింకా వదల్లేదు. ఆరోగ్యం ఫోటోలన్నిట్లో ఎర్ర గోరు, తెగులు ఫోటోలన్నిట్లో మామూలు గోరు. తేడా కనిపెట్టమన్నారు, అన్నిటికన్నా సులువుగా దొరికిన తేడా కనిపెట్టింది. కుర్రాడే ఆకు పట్టుకుని ఉంటే ఏదో ఒక తెగులు పేరు పడేది, చప్పట్లూ పడేవి.

ట్రైనింగు ఫోటోల రంగులు అటూ ఇటూ మార్చే ఆగ్మెంటేషన్ కొంత సాయపడుతుంది గానీ గోరుని గోరుగా పట్టేశాక చాలదు. ఫోటోలు మళ్ళీ తీయాల్సిందే. ప్రతి తరగతి ఆకుల్నీ అందరూ చేతులు మార్చుకుని పట్టుకోవాలి, గోరింటాకున్న చెయ్యి తెగులు ఆకు కూడా పట్టాలి. అసలు చెయ్యే లేకుండా కత్తిరిస్తే ఇంకా మంచిది. బురద, గోడ, తెల్లకాగితం, అన్ని తరగతులకీ అన్నీ ఉండాలి. టెస్టుకి ఫోటోలు ఏరకూడదు, చేలు ఏరాలి: తాతగారి చేను ట్రైనింగుకి, పాలకొల్లు వైపు ఇంకెవరిదో చేను టెస్టుకి. అప్పుడు 99 కాస్తా అరవైల్లోకి జారినా బెంగక్కర్లేదు. తరగతికి సమానంగా ఫోటోలుంటే, కళ్ళు మూసుకుని చెప్పినా వచ్చేది 25. స్టేటస్‌లో పెట్టుకోడానికి బాగోదు, అంతే.

ఈ జాబితా అంతా రాసుకుని టీం చేలోకి వెళ్ళేసరికి కోతలైపోయాయి. ఆరోగ్యమూ లేదు, తెగులూ లేదు, దాళ్వా (రెండో పంట) నారు కోసం ఎదురుచూసే ఖాళీ చేలు. దాళ్వా తెగుళ్ళు వచ్చేదాకా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆగరు. కొబ్బరికైతే సార్వా దాళ్వా బాధ లేదు కదా, తెల్లదోమ మీదకి ప్రాజెక్టు మార్చేద్దామన్నారు వాట్సాప్‌లోని ఇద్దరూ, మొదటిసారి నోరు తెరిచి. తాతగారు విని సరేనన్నారు. "కాకపోతే ఆ దోమ ఆకు అడుగున ఉంటది బాబూ. ఫోటో తియ్యాలంటే పైకెక్కాల. మీ కంప్యూటర్ ఊరికే వస్తది గానీ, దింపు తీసేవాడు ఊరికే ఎక్కడు. చెట్టుకింతని ముందే మాట్లాడుకోండి."