చివరి పేజీ చిరిగిపోయినా నిలబడే పుస్తకం కావాలి నాకు

చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో దగ్గర దగ్గర రెండు గంటలు. పొద్దున పోవాలి, సాయంత్రం రావాలి, వారానికి ఆరు రోజులు. నేను చదివేదంతా ఈ బస్సులోనే. పూతలపట్టు దాటేలోపు సీటు దొరికితే పుస్తకం తెరుస్తాను, చంద్రగిరి వచ్చాక మూసి సంచిలో పెట్టుకుంటాను. ఈ రెండేళ్లలో అలా చదివినవాటిలో థ్రిల్లర్లే ఎక్కువ. తర్వాత మిస్టరీలు, ప్రేమ నవలలు. అన్నీ ఇష్టపడి కొనుక్కున్నవే. అందుకే ఇంత కోపం.

మొన్న శుక్రవారం ఒక థ్రిల్లర్ ముగించాను. పేరు రాయను, ఎందుకంటే అలాంటివి ఈమధ్య కనీసం అయిదారు చదివాను. అట్ట మీద చివరి మలుపు ఎవరూ ఊహించలేరని రాసి ఉంది. నిజమే, ఊహించలేకపోయాను. ఎలా ఊహిస్తాను? మూడు వందల పేజీల పాటు మనసులో మాటంతా నాకు చెప్పుకుంటూ వచ్చిన మనిషి, తను చేసిన ఆ ఒక్క పని గురించి మాత్రం ఒక్కసారి కూడా తలుచుకోలేదు. చివరి పది పేజీల్లో ఉన్నట్టుండి తలుచుకుంది. పేకాటలో ముక్క ఒళ్లో దాచుకుని గెలిచినవాణ్ని మనం మెచ్చుకుంటామా? సోమవారం బస్సెక్కేసరికి ఆమె పేరు కూడా నాకు గుర్తులేదు.

ఈ గొడవ ఇప్పటిది కాదు. రోనాల్డ్ నాక్స్ అని ఇంగ్లండులో ఒక కేథలిక్ మతగురువు ఉండేవాడు, డిటెక్టివ్ నవలలు కూడా రాసేవాడు. ఆయన 1929లోనే ఈ కథలకు 10 నియమాలు రాసిపెట్టాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి. ముందు సూచన ఇవ్వకుండా కవలల్ని దించకూడదు. రహస్య గది ఒకటికి మించి ఉండకూడదు. లోకంలో ఎవరికీ తెలియని విషం వాడకూడదు. వాటిని మీరి గొప్పగా రాసినవాళ్లు ఉన్నారు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆ నియమాల వెనక ఒక మర్యాద ఉంది. నువ్వు డబ్బు పెట్టి, టైం పెట్టి వచ్చావు, నిన్ను మోసం చేయను అనే మర్యాద. అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' చదివినవాళ్లకు నేను దేని గురించి అంటున్నానో తెలుస్తుంది. ఆ మలుపుకు అదిరిపోయి మళ్లీ మొదటికి వెళ్తే, ఆమె ఎక్కడా అబద్ధం రాయలేదని తెలుస్తుంది. అన్నీ మన కళ్ల ముందే పెట్టింది, చూడకపోవడం మన తప్పు. రెండోసారి చదివినప్పుడు ఇంకా ఎక్కువ ఆనందం. ఇప్పటి థ్రిల్లర్లు ఎన్ని రెండోసారి చదవగలరు? నావల్ల కాదు.

ఫ్రీడా మెక్‌ఫాడెన్ 2022లో తెచ్చిన 'ది హౌస్‌మెయిడ్' గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నాకు అది నచ్చింది, బాధ కూడా పెట్టింది. జైలు నుంచి బయటికొచ్చిన మిల్లీకి ఎక్కడా పని దొరకదు. చివరికి ఒక డబ్బున్నవాళ్ల ఇంట్లో పనికి కుదురుతుంది. ఉండడానికి అటక మీద చిన్న గది ఇస్తారు. ఆ గదికి తాళం బయటి నుంచే పడుతుంది. అది చదివి పుస్తకం మూసేశాను.

ఎందుకంటే ఆ గది నేను చూశాను. పోయిన ఏడాది తిరుపతిలో తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెళ్లాను. కొత్త అపార్ట్‌మెంట్, మూడు బెడ్‌రూములు. ఆమె ఇల్లంతా తిప్పి చూపించింది. వంటగది వెనక, వాషింగ్ మెషీన్ పక్కన ఒక సన్నటి తలుపు తీసి "ఇది సర్వెంట్ రూం" అంది. ఒక చాప పడితే ఇంక కాలు పెట్టే చోటు లేదు. కిటికీ లేదు, పైన చిన్న వెంటిలేటర్ ఉంది. గడియ బయటివైపు ఉంది. లోపలివైపు గడియ ఉందేమోనని తలుపు వెనక చూశాను, లేదు. ఎవరూ దుర్మార్గంతో పెట్టి ఉండరు, స్టోర్ రూం తలుపు అనుకుని వడ్రంగి అలా బిగించి ఉంటాడు. కానీ ఆ గదిలో పడుకోబోయే ఆడపిల్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. నేను కూడా ఆ రోజు ఒక్క మాట అనలేదు, భోజనం చేసి వచ్చేశాను.

అలాంటి తలుపు ఒక రచయిత్రి చేతికి దొరికింది. మొదటి సగంలో భయమంతా అక్కడి నుంచే వస్తుంది. చేతిలో డబ్బు లేదు, వేరే నీడ లేదు, యజమానురాలు పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. తిడితే పడాలి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లను రోజూ చూసే మనకు ఆ భయం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సగం దాటాక మలుపుల మీద మలుపులు మొదలవుతాయి. ఎవరు ఎవరికంటే తెలివైనవాళ్లు అనే పందెంగా మారిపోతుంది. టెన్షన్ ఉంది, పేజీలు పరుగెత్తాయి, నా స్టాపు దాటిపోయేదాన్ని. కానీ ఆ పేదపిల్ల భయం ఎక్కడో జారిపోయింది. మలుపు కోసం మనిషిని వదిలేసింది. ఆవిడ ఆ భయాన్నే చివరిదాకా పట్టుకుని ఉంటే ఎంత పుస్తకం అయ్యేదో!

ప్రేమ నవలల సంగతి వేరు. వాటిలో చివర ఏమవుతుందో మొదటి పేజీలోనే తెలుసు, ఇద్దరూ కలుస్తారు. అయినా చదువుతాం. ఈ ఒక్క విషయం థ్రిల్లర్ రాసేవాళ్లు ఆలోచిస్తే బాగుండు. ఎమిలీ హెన్రీ 'బుక్ లవర్స్' 2022లో వచ్చింది. రచయితల తరఫున ప్రచురణకర్తలతో బేరం మాట్లాడే ఏజెంటు నోరాకు, ఎడిటర్ చార్లీకి కుదురుతుందని చిన్నపిల్లలు కూడా చెప్తారు. నేను చదివింది నోరా కోసం, ఆమె చెల్లెలి కోసం. తల్లి పోయాక చెల్లెల్ని తల్లిలా మోసిన అక్క, ఇప్పుడా చెల్లెలు తనకేదో దాస్తోందని తెలిసి లోపల్లోపల నలిగిపోతుంది. చంద్రగిరి దగ్గర కన్నీళ్లు ఆగలేదు. పక్క సీటు పెద్దామె "ఏమైందమ్మా, ఊర్లో అందరూ బాగుండారా?" అని చెయ్యి పట్టుకుంది.

కొలీన్ హూవర్ 2016లో రాసిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్' విషయంలో నా కోపం పుస్తకం మీద కాదు, అమ్మే పద్ధతి మీద. మా అక్క కూతురు తిరుపతిలో డిగ్రీ చదువుతోంది, "లవ్ స్టోరీ చిన్నమ్మా" అని కొనుక్కొచ్చింది. అట్ట మీద పూలు. లోపల ఉన్నది మొగుడు కొట్టడం, ఏడ్చి క్షమించమనడం, మళ్లీ కొట్టడం. తన తల్లి జీవితమే దీనికి ఆధారమని రచయిత్రి చివర్లో రాసింది. హీరో రైల్ మొదటిసారి హీరోయిన్ లిల్లీని తోసినప్పుడు నేను కూడా వాణ్ని క్షమించేశాను. అంత బాగా రాసింది. అది చదివి సిగ్గుపడ్డాను, మన ఇళ్లల్లో "ఒక్కసారికే పోతారా?" అని ఎంతమందికి సర్దిచెప్పామో గుర్తొచ్చింది. ఆ పిల్ల పుస్తకం ముగించి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇలాంటిదాన్ని పూలబొమ్మ వేసి, తీయటి ప్రేమకథల పక్కన పెట్టి అమ్మడం తప్పు. లోపల ఏముందో అట్ట వెనక నాలుగు మాటల్లో రాయడానికి ఏం కష్టం?

ప్రేమ నవలలు చదివేవాళ్లంటే ఇప్పటికీ చులకన. మా అమ్మ తరం యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం ఎదురుచూస్తుంటే, పెద్ద కారు, పొడుగాటి హీరో అని ఎగతాళి చేసేవాళ్లట. అదే ఇంట్లో మగవాళ్లు అద్దె షాపు నుంచి మధుబాబు రాసిన షాడో గూఢచారి నవలలు తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనలేదు.

అమ్మ దగ్గర ఒక పుస్తకం ఉంది. అది అచ్చులో వచ్చిన పుస్తకం కాదు. పెళ్లయిన కొత్తలో ఒక వారపత్రికలో వచ్చిన మిస్టరీ సీరియల్ పేజీలు వారం వారం చించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసుకుంది. పేజీల వెనక తలనూనె ప్రకటనలు, సగం కోసేసిన వారఫలాలు. దానికి చివరి వారం లేదు. ఆ వారం పత్రిక పక్కింటామె చదివి ఇస్తానని తీసుకుని, ఇల్లు ఖాళీ చేసి వేలూరు వెళ్లిపోయింది. హంతకుడు ఎవరో అమ్మకు ఈరోజుకీ తెలియదు. అయినా ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. ఒకసారి అడిగాను, ఎవరు చంపారో తెలుసుకోవాలని లేదా అని. "ఎవురైతే నాకేంది మే? ఆ పిల్ల ఒక్కతే ఆ ఇంట్లో ఎట్లా ఉండిందా అని చదవతా" అంది.

నేను ఇంతసేపు చెప్పాలని తంటాలు పడింది అదే.

ఈమధ్య అమ్మకు కంటిచూపు తగ్గింది. రాత్రిళ్లు నేనే కథ చెప్తున్నాను. కీగో హిగాషినో 2005లో జపనీస్‌లో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' మొదలుపెట్టాను. నేను చదివింది 2011లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం. అందులో హత్య మొదట్లోనే, మన కళ్ల ముందే జరుగుతుంది. భోజనం డబ్బాలు కట్టి అమ్మే షాపులో పనిచేసే ఆమె, ఆమె కూతురు కలిసి, డబ్బు కోసం పీడించే మాజీ మొగుణ్ని చంపేస్తారు. గోడ అవతల ఉండే లెక్కల టీచరు అది విని, నేను చూసుకుంటానని తలుపు తడతాడు. రోజూ ఆమెను ఒకసారి చూడడం కోసమే ఆ షాపులో డబ్బా కొనుక్కునే మనిషి. ఇంక దాచడానికి రచయిత దగ్గర ఏముంది అనుకుంటాం. ఉంది. ఆ టీచరు ఎంత దూరం వెళ్లాడో చివరిదాకా మనకు అందదు, అందినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ అక్కడే ఉన్నాయి.

అమ్మ మధ్యలో ఆపి అడిగేది ఒక్కటే. "ఆ లెక్కల అయివోరు తిన్నాడా మే ఈరోజు?"

ఇంకా రెండు రాత్రుల కథ మిగిలింది. తర్వాత ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. దోషి ఎవరో ముందే తెలిసినా వదలకుండా చదివించే నవల, తెలుగులో వచ్చింది ఏదైనా మీకు తెలిస్తే పేరు చెప్పండి. కొత్తదైతే మరీ సంతోషం.