చీటీ వాయిదా కూడా కలిపి చూడండి

నెలవారీ వాయిదాలు ఆదాయంలో 40 శాతం దాటితే కొత్త లోన్ రావడం కష్టమని ఒక వ్యాసంలో చదివాను. చాలా అవసరమైన విషయం. అయితే మా విజయనగరం వైపు ఇళ్లలో ఆ లెక్క అంతటితో ఆగదండి.

చేతికి 30,000 వచ్చే మనిషికి బండి, ఫోన్, పర్సనల్ లోన్ కలిపి 9,000 పోతున్నాయనుకోండి. అంటే 30 శాతం. కొత్తగా 6,000 ఈఎంఐ చేరితే 50. కొన్ని బ్యాంకులు అక్కడివరకూ ఒప్పుకుంటాయి. కానీ భార్య కట్టే డ్వాక్రా వాయిదా, ఊళ్లో చీటీ, తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన చేబదులు ఆయన సిబిల్ రిపోర్టులో, అంటే బ్యాంకులు చూసే మన అప్పుల చరిత్రలో, ఎక్కడా కనిపించవు. బ్యాంకుకు తెలియకపోయినా ఒకటో తారీఖున కట్టాల్సింది మనమే కదా! దయచేసి అవన్నీ కాగితం మీద రాసుకున్నాకే దరఖాస్తు పెట్టండి. స్నేహితుడికి ఇచ్చిన హామీ సంతకం మాత్రం రిపోర్టులోకి వస్తుంది, అది మరవద్దు.

ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే మైక్రోఫైనాన్స్ అప్పులకు రిజర్వ్ బ్యాంకు 2022లోనే హద్దు పెట్టింది. ఇంట్లో అందరి అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. పలాస జీడిపప్పు పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరైనా విడమరిచి చెప్పాలి. లోన్ ఇచ్చేవాళ్లు అడిగినప్పుడు పాత అప్పులు దాచకుండా చెప్తేనే ఆ నిబంధన వాళ్లకు పనికొస్తుంది.