అధ్యక్షులకు పంచాంగం చెప్పు విధానం

ఉగాది పంచాంగంలో ప్రతి రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని నాలుగు అంకెలుంటాయి. ఎవరి పాలనలో ఆర్థిక వ్యవస్థ బాగుందో తేల్చేటప్పుడు అమెరికా అధ్యక్షులకూ ఆ నాలుగే. కాకపోతే రాజపూజ్యమంతా మనవాడికి, అవమానమంతా అవతలివాడికి పడేలా గణించాలి. డల్లాస్‌లో విందుల దగ్గర మనవాళ్ళు ఈ గణన తోచినట్టు చేసేసి, ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే నీళ్ళు నములుతున్నారు. శాస్త్రోక్తంగా చేస్తే ఆ బాధ ఉండదు.

ముందు ముహూర్తం. అధ్యక్షుడి ప్రమాణం జనవరి 20న. ఉద్యోగాల సర్వే మాత్రం 12వ తేదీ ఏ జీతం లెక్కలో పడుతుందో ఆ రోజులకు. అంటే జనవరి అంకె పాతాయన పుణ్యమే. అది బయటికొచ్చేది మాత్రం ఫిబ్రవరిలో, కొత్తాయన కుర్చీ ఎక్కాక. మనవాడు కొత్తాయనైతే, అంకె బాగుంటే విడుదల తేదీ పట్టుకోండి, బాగోకపోతే సర్వే తేదీ.

బడ్జెట్‌కు ముహూర్తం వేరు. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కనుక, కొత్తాయన ఎనిమిది నెలల పైచిలుకు పాతాయన వండి వెళ్ళిన కుండే గీక్కోవాలి. 2009 ఆర్థిక సంవత్సరపు లోటు సుమారు 1.4 లక్షల కోట్ల డాలర్లు. అందులో 1.2 లక్షల కోట్లు వస్తుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం జనవరి 7నే చెప్పేసింది. అప్పటికి ఒబామా ఇంకా ప్రమాణమే చేయలేదు. మీరు బుష్ పక్షమైతే ఈ తేదీ మీ నోట రాకూడదు.

జాతకబలమంటే రూజ్వెల్ట్‌ది. ఆయన గద్దెనెక్కింది 1933 మార్చి 4న (అప్పట్లో ప్రమాణం మార్చిలోనే). మాంద్యాలకు తేదీలు కట్టే ఎన్‌బీఈఆర్ లెక్కలో ఆర్థిక వ్యవస్థ అడుగు తాకిన నెల కూడా ఆ మార్చే. బావి అడుగున దిగినవాడికి ఎటు చూసినా ఎక్కడమే. హూవర్ 1929 మార్చిలో వచ్చాడు, అక్టోబరులో మార్కెట్ కూలింది. శాంతి చేయించినా లాభం లేని జాతకం.

రేగన్‌ది ఇంకో రకం. ఆయన వచ్చిన 1981 జనవరిలో నిరుద్యోగం 7.5 శాతం, మళ్ళీ గెలిచిన 1984 నవంబరులో 7.2. నాలుగేళ్ళకు తరిగింది 0.3. కానీ మధ్యలో, 1982 చివర, 10.8కి ఎక్కింది. జనం దిగడం ఒక్కటే చూసి 49 రాష్ట్రాలు చేతిలో పెట్టారు. వడ్డీలు పెంచి ధరల జ్వరం దించిన వోల్కర్‌ను అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్‌కు తెచ్చింది, రేగన్‌కు ముందున్న కార్టర్. కషాయం తాగించిన పాపం ఆయనకు, పథ్యం పెట్టిన పుణ్యం ఈయనకు.

అన్నిటికంటే కమ్మనిది వార్షిక రేటు. 2020 రెండో త్రైమాసికంలో జీడీపీ సుమారు 9 శాతం పడింది. ఇదే వేగం నాలుగు త్రైమాసికాలు సాగితే ఎంతో అంత వేసి చూపడం అమెరికా సర్కారు లెక్కలవాళ్ళ ఆనవాయితీ. అలా అప్పటి లెక్కలో అది మైనస్ 31.4 అయింది. మూడో త్రైమాసికంలో 7.5 శాతం లేస్తే ప్లస్ 33.4 అయింది. ట్రంప్ పక్షంవారికి పండగే: 31 పోయి 33 వచ్చె! నిజానికి వంద రూపాయలు 91 అయి, 91 మీద ఏడున్నర శాతం కలిసి 98 దగ్గర ఆగాయి. పోయింది వంద మీద శాతం, వచ్చింది 91 మీద శాతం. మిగతా రెండు రూపాయలేవని అడిగినవాడికి పెరుగన్నం వడ్డించి మాట మార్చండి.

డెమోక్రాట్ పక్షంవారికి ఇంత శ్రమ లేదు. బ్లైండర్, వాట్సన్ అనే ప్రిన్స్‌టన్ ఆచార్యులు ట్రూమన్ నుంచి ఒబామా దాకా లెక్క కట్టి, 2016లో అచ్చేశారు. వృద్ధి డెమోక్రాట్ల కాలంలో 4.33 శాతం, రిపబ్లికన్ల కాలంలో 2.54. ఇక్కడే కాగితం మడిచి జేబులో పెట్టుకోవాలి. ఎందుకంటే ఆ తేడా బడ్జెట్ విధానం వల్లా కాదు, వడ్డీ విధానం వల్లా కాదు, చాలావరకు చమురు ధరలూ ఉత్పాదకతా కలిసిరావడం వల్లేనని మిగతా పేజీల్లో ఉంది.