ముందు సి రావాల్సిందేనా?

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు ముందు సి భాష నేర్చుకుని తీరాలని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఆ భాషను తయారుచేసింది యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం, ఇంటర్ పూర్తిచేసి వచ్చిన పిల్లలకు ఓనమాలు దిద్దించడానికి కాదు. మెమరీ చిరునామాలతో పనిచేయించే పాయింటర్ల దగ్గరికి రాగానే చాలామంది బెదిరిపోయి, ఇది మన వల్ల కాదనుకుంటారు.

1991లో వచ్చిన పైథాన్ భాషతో మొదలుపెడితే తొలిరోజే ఏదో ఒకటి పనిచేయించిన తృప్తి దక్కుతుంది. అలాగని అక్కడ చిక్కులు లేవని కాదు. ఇన్‌పుట్ ఫంక్షన్‌తో రెండు సంఖ్యలు తీసుకుని కూడమనండి. 5, 7 ఇస్తే 12 రావాలి కదా, 57 వస్తుంది! కీబోర్డు నుంచి వచ్చినదాన్ని పైథాన్ అక్షరాల వరుసగానే చూస్తుంది. ఇంట్ అనే ఫంక్షన్‌తో పూర్ణాంకంగా మార్చేదాకా అది సంఖ్య కాదు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపిస్తుంది. దశాంశాలను యంత్రం ద్విసంఖ్యా రూపంలో (0, 1లతో) దాచుకోవడం వల్ల వచ్చే తేడా అది, సి రాసినా తప్పదు. ఇలాంటి చోట ఆగి ‘ఎందుకు?’ అని అడిగే విద్యార్థికి యంత్రం లోపలి సంగతులు పైథాన్‌లోనూ తెలుస్తాయి.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి నెలకో భాష మార్చేవారిని చూస్తే జాలేస్తుంది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులు, ఫంక్షన్లు ఒక భాషలో పట్టుబడితే రెండోది అంత కష్టం కాదు.

అన్నట్టు, పైథాన్‌లో ఎర్రర్ వస్తే ముందు చివరి వరుస చదవాలి. తప్పేమిటో సాధారణంగా అక్కడే ఉంటుంది. ఆ ఒక్క మాటా వ్యాసంలో చెప్పి ఉంటే బాగుండేది.