నా కథలో ‘నేను’ ఆరో పేజీలో వచ్చింది

నేను దత్తత వచ్చిన పిల్లని. ఇంట్లో ఈ విషయం ఎప్పుడూ దాచలేదు, ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అయినా 42 ఏళ్ళు వచ్చేదాకా దాని గురించి ఒక్క వాక్యం రాయలేదు. రెండేళ్ళ కిందట మొదలుపెట్టాను. ఇప్పటికి 180 పేజీలయింది.

ఈ సంగతి చెప్పగానే ఎదురయ్యే మాటలు రెండే. “పాతవన్నీ ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు?” అని ఒకటి. “పెంచినవాళ్ళు బాధపడరూ?” అని ఇంకొకటి. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, నా మీద ప్రేమ ఉన్నవాళ్ళే. కానీ వినీ వినీ నా ఓపిక అయిపోయింది. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

కన్నవాళ్ళ దగ్గరే పెరిగినవాళ్ళకు పుట్టుక కథ అడక్కుండానే అందుతుంది. నువ్వు పుట్టిన రాత్రి వాన ఆగలేదు, చూడగానే అచ్చం మీ నాన్న ముక్కే అన్నారందరూ... ఇలా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. విన్నవాళ్ళు విసుక్కుంటారు కూడా. మాకు ఆ కథ ఉండదు. మేం చేతులు మారిన రోజున మా కథ మొదలవుతుంది. అంతకు ముందు సంగతి ఏమైనా ఉంటే అది ఫైల్లో ఉంటుంది.

నా ఫైలు రెండున్నర పేజీలు. “ఆడ శిశువు. వయసు సుమారు 8 నెలలు. ఆరోగ్యం బాగుంది.” ఆ ‘సుమారు’ దగ్గర ఎన్ని రాత్రులు ఆగిపోయానో చెప్పలేను. నా పుట్టినరోజు అందులోంచి వచ్చిందే, ఎవరో లెక్కకట్టి ఒక తేదీ వేశారు. కాగితాలకు పిన్ను కొట్టి ఒక ఫొటో ఉంది. నన్నెవరో ఎత్తుకుని ఉన్నారు. ముఖం ఫొటోలోకి రాలేదు, నా పొట్ట చుట్టూ వేసిన ఎడమ చెయ్యి మాత్రం కనిపిస్తుంది. మణికట్టుకి నల్ల పట్టీ గడియారం. పట్టీని ఆఖరి కన్నందాకా బిగించినా వదులుగానే ఉంది. టైము నాలుగూ పది. నేను ఆ మనిషి చూపుడు వేలు పట్టుకుని ఉన్నాను, నా గోళ్ళు తెల్లబడేంత గట్టిగా.

ఫైల్లో ఉందంటే నిజమే అనుకుంటాం. అదీ ఎవరో రాసిన కథే. దక్షిణ కొరియా నుంచి విదేశాలకు పంపిన పిల్లల రికార్డుల మీద అక్కడి ట్రూత్ కమిషన్ (నిజనిర్ధారణ సంఘం) 2025 మార్చిలో ఏం తేల్చిందో చూడండి. కన్నవాళ్ళున్న పిల్లల్ని అనాథలని రాశారు, ఒక బిడ్డ గుర్తింపు తీసి ఇంకో బిడ్డకు అంటగట్టారు. అసలు కాగితం చూసుకోవడానికే యుద్ధాలు చేసినవాళ్ళు ఉన్నారు. స్కాట్లండ్‌లో పెద్దయిన దత్తత పిల్లలు తమ అసలు జనన ధ్రువీకరణ పత్రం 1930 నుంచే చూసుకోవచ్చు. పక్కనే ఉన్న ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ హక్కు 1975 చట్టంతో గానీ రాలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే 2020 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. వీలైనంత వరకు తన తల్లిదండ్రులెవరో తెలుసుకునే హక్కు బిడ్డకు ఉందని ఐక్యరాజ్యసమితి 1989లోనే ఒడంబడికలో రాసింది. తవ్వుకోవడం ఎందుకని నన్ను అడిగేవాళ్ళు, పూడ్చింది ఎవరని ఒక్కసారి కూడా అడగరు.

మొదటి డ్రాఫ్ట్ చదువుకుంటుంటే నాకొకటి కనిపించింది. నన్ను కన్నారు. నన్ను వదిలేశారు. నన్ను అప్పగించారు. నన్ను తెచ్చుకున్నారు. నన్ను పెంచారు. పేజీ తిప్పితే మళ్ళీ నన్ను. ఎర్ర పెన్ను తీసుకుని ఆ మాట కనిపించినచోటల్లా సున్నా చుట్టాను. ఐదు పేజీల్లో 31 వచ్చాయి. ‘నేను’తో మొదలైన తొలి వాక్యం ఆరో పేజీ మధ్యలో ఉంది: “నేను ఆ రోజు క్లాసులో వంశవృక్షం గీయలేదు, ఖాళీ కాగితం ఇచ్చేశాను.” చేయని పని గురించిన వాక్యం అది.

వ్యాకరణంలో కర్మ అంటాం కదా, చేసిన పని ఎవరి మీద పడుతుందో ఆ పదం. నా బతుకులో నేను అలాగే ఉండిపోయాను. ఉద్యోగం మారాలన్నా, నన్ను చులకన చేసే స్నేహం వదులుకోవాలన్నా, అవతలివాళ్ళు తేల్చేదాకా కూర్చునేదాన్ని. ఉంచుకుంటారా, పంపించేస్తారా అన్న టెన్షన్ ఎప్పుడూ లోపల ఉండేది. దానికి పేరుందని కూడా తెలియదు. ఆ ఎర్ర సున్నాలు చూశాక మూడు నెలల్లో ఉద్యోగం మానేశాను, నా అంతట నేనే. జీవితంలో మొదటిసారి ఒకచోటి నుంచి నేను వెళ్ళాను, ఎవరూ పంపలేదు.

రాస్తే మనసు తేలికవుతుందంటారు, అది సగమే నిజం. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, శాండ్రా బీల్‌తో కలిసి చేసిన ప్రయోగం 1986లో అచ్చయింది. కాలేజీ పిల్లల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసుని గాయపరిచిన అనుభవం గురించి రాయమన్నారు. జరిగినదాన్నీ, దానివల్ల కలిగిన బాధనీ కలిపి రాసినవాళ్ళకు రాసిన వెంటనే దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళడం తగ్గింది. ఆయన తర్వాతి పరిశోధనల్లో ఇంకొకటి తేలింది. ‘ఎందుకంటే’, ‘అర్థమైంది’ లాంటి మాటలు రోజురోజుకీ పెరుగుతూ వచ్చినవాళ్ళకు ఎక్కువ మేలు జరిగింది. అంటే బాధని కక్కేస్తే సరిపోదు, ఒక వరసలో పెట్టుకోవాలి. నాకు కూడా మొదటి నెలలు నరకమే. మధ్యలో నాలుగు నెలలు ఆపేసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. ఒక్కళ్ళే కూర్చుని మొండిగా రాయకండి, దయచేసి.

రాయమంటే అచ్చు వేయమని కూడా కాదు. నా కథలో నన్ను కన్న మనిషి ఉంది. ఎక్కడో బతికే ఉండొచ్చు, నా సంగతి ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు. నా కథ రాసుకునే హక్కు నాకుంది గానీ ఆమెను బజారుకీడ్చే హక్కు లేదు. తెలియనిచోట కల్పించాలని చెయ్యి లాగుతుంది. ఆమెను మోసపోయిన అమ్మాయిగా ఊహించుకుని ఒక అధ్యాయం రాశాను, బాగా వచ్చింది, చింపేశాను. అక్కడ ఇప్పుడు ఒకటే మాట ఉంది: తెలియదు.

ఇక పెంచినవాళ్ళ బాధ సంగతి. చిన్నప్పుడు అమ్మ చెప్పే కథ ఒకటుండేది. తనని చూడగానే నేను నవ్వి, చేతులు చాచి మీదికి దూకానట. వందసార్లు చెప్పించుకుని ఉంటాను. రాసేటప్పుడు వివరాలు కావాలి కదా, ఆ రోజు నేనేం వేసుకున్నాను, నన్ను ఎవరు అందించారు అని అడుగుతూ కూర్చున్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

“నువ్వు నవ్వలేదు తల్లీ,” అంది. “మూడు రోజులు నా ముఖం చూడలేదు. తలుపు వైపే చూస్తూ ఏడ్చావు. గొంతు పోయింది. అయినా నోరు తెరిచే ఉండేది, శబ్దం వచ్చేది కాదు. ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చేశానేమో అనిపించింది. అది నీకెలా చెప్పను?”

నలభై ఏళ్ళకు పైగా ఒక్కతే మోసింది. నా రాత ఆమెను బాధపెడుతుందని భయపడినవాళ్ళలో ఒక్కరికీ ఆమెలో అప్పటికే ఉన్న బాధ తెలియదు. ఆ రాత్రి ఇద్దరం ఫొటో ముందు పెట్టుకుని కూర్చున్నాం. నేను తలుపు వైపు ఎవరి కోసం చూశానో ఇద్దరికీ అర్థమైంది. చేతి మనిషి పేరు తెలియదు, కన్నతల్లో, ఆయమ్మో తెలియదు. నేను మాత్రం ఆ మనిషిని గుర్తుపెట్టుకుని, మూడు రోజులు వెతికాను.

మర్నాడు మొదటి పేజీ తీసేసి మళ్ళీ రాశాను. ఇప్పుడు నా పుస్తకం “నేను తలుపు వైపు చూశాను” అని మొదలవుతుంది. అమ్మకు చదివి వినిపిస్తే, తలుపు రంగు తప్పు రాశావు, ఆకుపచ్చ కాదు నీలం, అంది. దిద్దాను.