కరక్కాయ గారికి ఒక విన్నపం

కరక్కాయ గారూ,

నమస్కారం. మా ఇళ్లలో ఎవరి గొంతు బొంగురుపోయినా మొదటి పిలుపు మీకే. "బుగ్గన పెట్టుకుని రసం మింగు, తెల్లారేసరికి సర్దుకుంటుంది" అంటూ అమ్మమ్మలు మీకు పోస్టింగ్ ఇచ్చేస్తారు. జలుబు, దగ్గు, పెళ్లిలో అరిచిన అరుపులు... అంతవరకూ మీ పనితనానికి వంక పెట్టం.

మా గొడవంతా మీ పదవీకాలం గురించి. మా వీధి బాబాయ్ నోట్లోకి మీరు సంక్రాంతికి చేరారు, ఉగాది దాటినా దిగలేదు. ఎడమ బుగ్గన మీరు, కుడి బుగ్గన ఖైనీ! పైన బీడీ, సాయంత్రానికి క్వార్టరు. ఇంత సఖ్యంగా ఏ పొత్తూ నడవదు. అడిగితే "వాతావరణం మారిందిరా" అనేవాడు. నెలల తరబడి మారుతూనే ఉంది.

నిజానికి గొంతులో మాట పలికించే స్వరతంత్రుల మీద పుట్టే క్యాన్సర్ కాస్త మర్యాదస్థురాలు. తొలిదశలోనే గొంతు మార్చి కబురు పెడుతుంది. ఆ కబురు మాకు అందకుండా నొక్కేస్తున్నది మీరే. మూడు వారాలైనా బొంగురు పోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి కెమెరాతో చూస్తారు, నిమిషాల పని. మింగితే నొప్పి, అది చెవిలోకి పోటెక్కడం, మెడలో గడ్డ, ఉమ్మిలో రక్తం ఉంటే అన్నాళ్లు కూడా ఆగకూడదు. "ముక్క తీస్తే పాకేస్తుంది" అని బయాప్సీకి, అంటే పరీక్ష కోసం చిన్న ముక్క తీయడానికి, అడ్డుపడే చుట్టాలు కూడా మీ పార్టీవాళ్లేనా?

ముందే దొరికితే చాలామందికి రేడియేషనో, లేజరో ఏదో ఒకటి చాలు, మాటా మిగులుతుంది. రేడియేషన్ అంటే మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. కొందరికి నోరెండిపోతుంది, రుచి పోతుంది. అప్పుడు మీ వగరు కూడా తెలియదు.

బాబాయ్‌కి ముదిరాక తెలిసింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు ఊపిరి మెడ మీది రంధ్రంలోంచే. దాన్ని బొటనవేలితో మూస్తే, లోపల అమర్చిన చిన్న వాల్వు గుండా గాలి అన్నవాహికలోకి వెళ్లి మాటవుతుంది. విదేశీ వాల్వులు వేలల్లో ఉంటే, బెంగళూరు సర్జన్ విశాల్ రావు 50 రూపాయల్లో చేసి చూపించారు. ఫోనొస్తే బాబాయ్‌కి ఒక చెయ్యి ఫోనుకి, ఇంకోటి మెడకి. బీడీకి చెయ్యి ఖాళీ లేదని పిన్ని ఒకటే సంబరం.

కాబట్టి ఇకపై మీ డ్యూటీ మూడు వారాలే. గడువు కాగానే బుగ్గ ఖాళీ చేసి పోపులడబ్బా పక్కకి దయచేయండి. వెళ్తూ వెళ్తూ ఆ కుడి బుగ్గవాణ్ణి కూడా లాక్కెళ్లండి.

ఇట్లు,
బాబాయ్ పక్కింటివాడు