డిడక్షన్‌కు కోత పెడితే పన్ను పెంచినట్టే

అమెరికాలో జీతం మీద బతికే మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు పన్ను శ్లాబులు కంఠతా వచ్చు. ఆ పట్టికలో కనిపించని రేటు ఒకటుంది. ఆదాయం ఒక గీత దాటాక ఐటమైజ్డ్ డిడక్షన్లను (ఖర్చులు విడివిడిగా చూపి ఆదాయంలోంచి తీసేసుకునే మినహాయింపులను) కోసుకుంటూ పోయే నిబంధనల వల్ల పుట్టే రేటు అది. ఖర్చులు చూపకుండా ఒకే స్థిర మొత్తంగా ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకు దీనితో పని లేదు. ఇంటి లోన్ వడ్డీ, రాష్ట్ర పన్నులు, విరాళాలు కలిపి అంతకు మించినవాళ్లకే ఈ గొడవంతా.

ఇది ఇప్పుడు పుట్టిన ఆలోచన కాదు. కొత్త పన్నులు వేయనని చెప్పి గెలిచిన సీనియర్ బుష్, 1990లో లోటు పూడ్చడానికి మాట తప్పాల్సి వచ్చింది. అప్పుడే ఒహాయో నుంచి కాంగ్రెస్ సభ్యుడైన డొనాల్డ్ పీస్ పేరుతో ఈ కోత మొదలైంది. పరిమితి దాటిన ఆదాయంలో 3 శాతాన్ని డిడక్షన్ల నుంచి తీసేసేవారు. 2017లో దంపతులకు ఆ పరిమితి 3,13,800 డాలర్లు. దానిపైన ఇంకో లక్ష సంపాదిస్తే 3,000 డాలర్ల డిడక్షన్ పోయేది. 33 శాతం శ్లాబులో అది 990 డాలర్ల పన్ను. అంటే 33ను 34 చేసినట్టే లెక్క. పేరుకు డిడక్షన్ల మీద కోతే గానీ అది ఆదాయాన్ని బట్టి పెరిగేది. విరాళం ఒక డాలర్ ఎక్కువిచ్చినా, తక్కువిచ్చినా సాధారణంగా కోతలో తేడా ఉండేది కాదు. రేటు పెంచామని చెప్పే ధైర్యం లేక వేసిన వేషమనే నేనంటాను.

2018లో పక్కన పెట్టిన ఆ నిబంధనను 2025 చట్టం పూర్తిగా రద్దు చేసింది. బదులుగా 2026 నుంచి 37 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు డాలర్ డిడక్షన్ మీద 35 సెంట్లే మిగులుతాయి. దంపతులకు ఆ శ్లాబు మొదలయ్యేది 7,68,700 డాలర్ల దగ్గర.

అసలు దెబ్బ అంతకన్నా కింద, 'సాల్ట్' దగ్గర ఉంది. రాష్ట్ర, స్థానిక పన్నుల డిడక్షన్‌కు 2026లో పరిమితి 40,400 డాలర్లు. ఆదాయం 5,05,000 దాటితే పైన ప్రతి డాలర్‌కూ 30 సెంట్ల చొప్పున ఆ పరిమితి తగ్గుతూ, సుమారు 6,06,000 దగ్గర 10,000కు చేరి ఆగుతుంది. న్యూజెర్సీలో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో, రాష్ట్ర ఆదాయ పన్ను, ఇంటి పన్ను కలిపి 40 వేలు తేలిగ్గా అవుతాయి. అలాంటి ఇంటికి ఆ ఏడాది ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) వెస్ట్ అయి, అంటే చేతికొచ్చి, ఆదాయం ఈ రెండు అంకెల మధ్యలో పడితే, ప్రతి అదనపు డాలర్‌తో పాటు 30 సెంట్ల డిడక్షన్ కూడా పోతుంది కాబట్టి 32 శాతం అనుకున్న రేటు నిజానికి 41.6. శ్లాబు 35 అయితే 45.5. పది లక్షలు సంపాదించే కుటుంబం తన చివరి డాలర్ మీద కట్టే ఫెడరల్ ఆదాయ పన్ను కన్నా ఇది ఎక్కువ! టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు కాబట్టి ఒక్క ఇంటి పన్నే కట్టే ఫ్రిస్కో కుటుంబానికి ఈ కోత తగిలేది చాలా ఆలస్యంగా.

పెళ్లికీ ఇందులో శిక్ష ఉంది. ఒంటరికీ, జంటగా ఫైల్ చేసే దంపతులకూ ఒకటే పరిమితి, ఒకటే గీత. చెరో 3 లక్షలు సంపాదించే ఇద్దరు పెళ్లి చేసుకోకపోతే ఒక్కొక్కరికీ 40,400 దాకా దొరుకుతుంది. చేసుకుంటే ఇద్దరికీ కలిపి 12 వేల లోపే. విడిగా ఫైల్ చేద్దామన్నా, అక్కడ పరిమితినీ గీతనీ సగం చేసి పెట్టారు.

నాకు మింగుడుపడనిది ఇంకోటి. సొంత క్లినిక్‌లో భాగస్వాములైన డాక్టర్లు, చాలా రాష్ట్రాల్లో, రాష్ట్ర పన్నును సంస్థ పేరుతోనే కట్టించి వ్యాపార ఖర్చు కింద మొత్తం తీసేసుకోవచ్చు. ప్రతినిధుల సభ బిల్లులో డాక్టర్లు, లాయర్ల లాంటి వృత్తులకు ఈ దారి మూయాలని రాశారు. చివరి చట్టంలో అది మాయమైంది. డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం పత్రం) మీద బతికే జీతగాడికి మాత్రం ఏ దారీ లేదు. మహా అయితే 401కేలో, అంటే ఉద్యోగి రిటైర్మెంట్ ఖాతాలో, నిండుగా వేసి ఆదాయాన్ని గీతకు దగ్గరగా దించుకోవాలి. ఆదాయం 5,05,000కూ 6,06,000కూ మధ్యలో ఉన్నవాళ్లకు అందులో వేసే ప్రతి డాలర్ ఆ ఏడాది పన్నులో 41 సెంట్లకు పైగా మిగులుస్తుంది కాబట్టి, రాత్ వైపు (ఇప్పుడే పన్ను కట్టి వేసే రకంలో) వేస్తున్నవాళ్లు ఒకసారి సీపీఏ అకౌంటెంట్‌తో లెక్క వేయించుకోవాలి. 2030లో ఈ కోత ఎలాగూ ఉండదు. అప్పటికి పరిమితే అందరికీ 10 వేలకు పడిపోతుంది.